విడిచిన తెలుపు

మా మనవరాలు ఇబ్తిసామ్ నా ప్లాస్టిక్ బకెట్‌ను ఇంట్లోంచి వెళ్ళగొట్టి, దాని చోట దేవదారు చెక్క బొక్కెన తెచ్చి పెట్టింది. చూడటానికి అందంగానే ఉంటుంది. నీళ్ళు మాత్రం నిలవవు. చెక్క తడిసి ఉబ్బితే కారడం ఆగిపోతుంది, కాస్త ఓపిక పట్టమంటుంది. నా ఓపిక సంగతి దేవుడెరుగు, ముందు నడవంతా తడుస్తోంది. తడిసిన నేల మీద జారి పడితే నా తుంటి ఎముక ఏమవుతుందో ఆ పిల్లకు పట్టదు.

బకెట్ తర్వాత నా రబ్బరు చెప్పులు పోయాయి. బల్ల మీద పూల పూల ప్లాస్టిక్ గుడ్డ పోయింది. వంటగది గోడకు పగులు వచ్చింది, సున్నం పూయించమని అడిగితే, ఆ పగులును ముట్టుకోవద్దంది. దాన్ని ఫోనులో ఫోటో తీసి ఎవరెవరికో పంపింది. ఎవరో హృదయం బొమ్మ తిరిగి పంపారట. మా బుజాద్ ఊళ్ళో పగిలిన గోడలకు కొదవ లేదు, ఇన్నాళ్ళూ ఒక్కరూ మాకు హృదయాలు పంపలేదు.

ఇబ్తిసామ్ నా కూతురి కూతురు. కాసాబ్లాంకాలో ఇళ్ళ అలంకరణ చదువుకుని వచ్చి, వీధి వైపున్న నా ముందు గదిలో దుకాణం పెట్టింది. నల్ల సబ్బు, తలకు రుద్దుకునే గసూల్ మట్టి, గులాబీ నీళ్ళు, తాటాకు సంచులు, పాత టైర్లతో చేసిన పీటలు. మేము గతి లేక వాడినవన్నీ అక్కడ బారులు తీరి ఉన్నాయి. వాటి మధ్య నేను నేసే గుడ్డపీలికల తివాచీలు. మేము వాటిని బుషర్విత్ అంటాం. గొర్రెల ఉన్ని కొనలేని ఇళ్ళల్లో చినిగిన బట్టలు చింపి నేసుకునేవి. ఇబ్తిసామ్ ప్రతి తివాచీకి ఒక చీటీ కుడుతుంది. నేను బడికి వెళ్ళినదాన్ని కాదు. పిండి బస్తాల మీద, మందు డబ్బాల మీద కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నాను. అందుకని ఏ కాగితం కనబడినా చదవకుండా ఉండలేను. ఆ చీటీ మీద ఇలా ఉంటుంది: ఇందులో ఒక్క దారం కొత్తది లేదు, ప్రతి పీలికా ఎవరో తొడిగి విడిచినదే.

ఇది నాకు నచ్చిన మాట. అసలు గొడవంతా దీంతోనే వచ్చింది.

మరాకేష్‌లో పాత హవేలీ ఒకటి కొని అతిథిగృహంగా మార్చిన మేడమ్ లుబ్నా పెద్ద తివాచీ ఒకటి కావాలని కబురు పంపింది. ఇబ్తిసామ్ దుకాణానికి అంత పెద్ద బేరం అదే మొదటిది. అది కుదిరితే ఆవిడ తెలిసినవాళ్ళందరికీ చెబుతుంది, కుదరకపోతే ఈ దుకాణం మూసి మళ్ళీ కాసాబ్లాంకాలో ఎవరి కిందో పనికి చేరాల్సిందే. ఆ రెండో మాట ఇబ్తిసామ్ నాతో అనలేదు. దాని తల్లితో ఫోనులో అంటుంటే విన్నాను. విన్నప్పటి నుంచి నాకు అన్నం సయించలేదు. ఈ ఇంటి గుమ్మం దాటి వెళ్ళినవాళ్ళు నాకు చాలు. ఇంకొకరిని పంపే శక్తి నాకు లేదు.

కాబట్టి నేస్తానన్నాను. షరతు విని తల పట్టుకున్నాను. మేడమ్‌గారికి రంగులు వద్దట. తెలుపు, మీగడ రంగు, ఇసుక రంగు మాత్రమే. అద్దకం అసలు తగలకూడదట, అది నీళ్ళను పాడు చేస్తుందట. బాగా అరిగిన, నిజంగా వాడిన బట్టే కావాలట. బుషర్విత్ అంటేనే రంగుల గోల. పిల్లల బడి గౌన్లు, ఫుట్‌బాల్ చొక్కాలు, పెళ్ళిళ్ళలో మెరిసి వెలిసిన ఆకుపచ్చ పట్టు. తెల్లగా అరిగిన బట్ట మా ఇళ్ళల్లో ఎక్కడుంటుంది? మగవాళ్ళు తొడిగే తెల్ల జెల్లాబాలు, ఆ పొడుగాటి అంగీలు, చివరికి నేల తుడిచే గుడ్డలవుతాయి. దుప్పట్లన్నీ పూలవే.

నేను అంగడికి వెళ్ళి వచ్చేసరికి ఇబ్తిసామ్ వీధంతా తిరిగి తెల్లబట్టలు పోగేసింది. ముందు గది మధ్యలో కుప్ప. దాని మొహం వెలిగిపోతోంది.

నేను కుప్ప పక్కన కూర్చుని ఒక్కొక్కటీ తీసి చూశాను. పైనున్న జెల్లాబా ముంజేతి దగ్గర కాలి గోధుమరంగు మచ్చ పడి ఉంది. అది ఎదురింటి తామో కుంపటి దగ్గర కూర్చుని కాల్చుకున్న మచ్చ. ఆ చలికాలం తామో ఇల్లు కదల్లేదు. పక్కింటి మబర్కాది గుర్తుపట్టాను, ఆవిడ చెల్లెలిది గుర్తుపట్టాను. మా ఊళ్ళో ఆడదాని పెట్టె అడుగున అరిగిన తెల్లబట్ట ఉందంటే దానికి ఒకటే అర్థం. మొగుడు పోయినప్పుడు తల నుంచి మేజోళ్ళ దాకా తెలుపు కడతాం. నాలుగు నెలల పది రోజుల గడువు తీరిన రోజున హమామ్ స్నానశాలకు వెళ్ళి, గోరింట పెట్టుకుని, ఆ తెలుపు విడిచేస్తాం. ఇబ్తిసామ్ గడప గడపకూ వెళ్ళి, వాడి విడిచిన తెలుపు ఉందా అని అడిగిందట. విడిచిన తెలుపు అనేసరికి వాళ్ళు ఇంకేమీ అడగలేదు. ఎవరూ ముట్టుకోని ఆ బట్టను ఇన్నాళ్ళకు తీసుకెళ్ళేవాళ్ళు వచ్చారని సంతోషంగా ఇచ్చేశారు.

ఆ సంగతి ఇబ్తిసామ్‌కు చెప్పాను. బట్ట బట్టే కదా అంది. మేడమ్ దీన్ని గదుల్లో వేయదు, గుమ్మం లోపలి నడవలో వేస్తుంది, వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ తొక్కుతూ వెళ్తారు, అంతే అంది. ఆ మాట నాకు కొంచెం ఊరట అనిపించింది. రాకపోకల చోట పరిస్తే సరే. అన్ని పాదాల కింద నలిగితే ఆ దుఃఖం కూడా ఎప్పటికో అరిగిపోతుంది అనుకున్నాను. అయినా పనిలో కూర్చున్నంతసేపూ లోపల పీకుతూనే ఉంది.  పడుగు మీద ముడి వేసి ఇనప దువ్వెనతో దిగగొడుతూ, ఇది ఫలానా ఆవిడ మొగుడు, ఇది ఫలానా ఆవిడ మొగుడు అని లెక్క పెట్టకుండా ఉండలేకపోయాను.

నేత ఇంకో జానెడు ఉందనగా బట్ట అయిపోయింది.

అప్పుడు ఇబ్తిసామ్ చేసిన పని చెబితే నమ్మరు. అంగడికి వెళ్ళి కొత్త తెల్ల దుప్పట్లు కొనుక్కొచ్చింది. వాటిని బ్లీచింగ్‌లో నానబెట్టి, ఆ తర్వాత నేను కుస్కుస్ వండే గిన్నెలో టీ ఆకు వేసి మరిగించింది. పాతవాటిలా కనబడాలట. ఇల్లంతా ఆసుపత్రి వాసన. బ్లీచింగ్ నీళ్ళు వీధి కాలువలోకి పోతున్నాయి. ప్రకృతిని కాపాడతానని నా బకెట్ పారేసిన పిల్ల అది.

చీటీ తీసి ఆ పిల్ల ముఖం ముందు పట్టుకుని చదివాను. ఒక్క దారం కొత్తది లేదు అని.

"ఒక్క జానెడే కదా అమ్మమ్మా. ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుంది. గిన్నె ఎవరు తోముతారే?"

"అయితే నన్నేం చెయ్యమంటావు? ఊళ్ళో తెల్లబట్ట ఇంక లేదు. ఒక్కచోట తప్ప."

ఎక్కడో చెప్పలేదు. చెప్పక్కర్లేదు. నా పెట్టె వైపు చూడకుండా ఉండటానికి ఎంత కష్టపడుతోందో చూస్తే చాలు.

నా పెట్టె అడుగున నా తెల్ల జెల్లాబా ఉంది. మా ఆయన మాతి, మా వీధి మగవాళ్ళలాగే, ఖురిబ్గా ఊళ్ళోని ఫాస్ఫేట్ గనిలో పని చేసేవాడు. ఒకరోజు పొద్దున బస్సెక్కి వెళ్ళాడు. మధ్యాహ్నానికి కాసాబ్లాంకా ఆసుపత్రికి తీసుకెళ్ళారని కబురు వచ్చింది. నేను కాసాబ్లాంకా చేరేసరికి ఆయన్ని ఇంటికి పంపించేశారు. నేను తిరిగి ఇల్లు చేరేసరికి ఖననం అయిపోయింది. దారిలో ఎక్కడో ఆయన బండి, నా బస్సు ఒకదాన్నొకటి దాటుకుని ఉంటాయి. అలా ఆయన్ని సాగనంపడం అన్నది నాకు జరగలేదు. తెలుపు కట్టుకుని కూర్చున్న ఆ రోజులే నాకు మిగిలిన సాగనంపు. గడువు తీరిన నాడు ఆ జెల్లాబా మడిచి, పాత బట్టలు అడిగే ఆవిడ వస్తే గుమ్మంలోకి పట్టుకెళ్ళాను. ఆవిడ చెయ్యి చాచి, మళ్ళీ వెనక్కి తీసుకుంది. మా ఆయన బతికున్నాడమ్మా, నాకొద్దు అంది. తప్పు పట్టలేదు. లవంగాలు వేసి పెట్టెలో పెట్టేశాను. అప్పటికి ఇబ్తిసామ్ పాలపళ్ళ పిల్ల. ఇప్పుడది నాకు బేరాలు నేర్పుతోంది.

మూడు నమాజులు అయ్యేదాకా పెట్టె జోలికి పోలేదు. దుకాణం మూసి ఆ పిల్ల సామాన్లు సర్దుకుంటున్నట్టు కళ్ళ ముందు కనబడుతూనే ఉంది. చివరికి వెళ్ళి పెట్టె తెరిచాను. జెల్లాబా తెలుపు కాదు ఇప్పుడు. పాతబడి, పసుపు దిగి, కాచిన పాల మీద కట్టే మీగడలా ఉంది. ఇబ్తిసామ్ మేడమ్ పంపిన నమూనా ముక్క తెచ్చి పక్కన పెట్టింది. రెండూ ఒకటే రంగు.

"సరిగ్గా ఇదే," అంది నెమ్మదిగా. అది సంతోషపడకుండా ఉండటానికి ప్రయత్నించడం చూసి నాకు ఇంకా ఒళ్ళు మండింది. ఆ రంగు రావడానికి ఏం పట్టిందో ఆ మేడమ్‌కు తెలుసా?

నేనే చింపాను. ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. మిగిలిన జానెడు నేశాను. మగ్గం మీద ఉన్నంతవరకూ నేతకు ప్రాణం ఉంటుందంటారు మావాళ్ళు. అందుకే కోసేటప్పుడు నీళ్ళు చల్లుతాం, పోయే మనిషి నోట్లో చుక్క వేసినట్టు. చెక్క బొక్కెనలో నీళ్ళు లేవు, మామూలే. గ్లాసుతో తెచ్చి చల్లి, పడుగు కోసేశాను.

మేడమ్ లుబ్నా కారు వేసుకుని వచ్చింది. నార బట్టలు, ఎండిపోయిన ఆకు రంగు చెప్పులు, మంచి మనిషి. తివాచీ పరవగానే చెప్పులు విప్పి దాని మీద నిలబడింది. పాదాలతో నిమిరింది. ఎంత మెత్తగా ఉందో అని ఇబ్తిసామ్‌ను కౌగిలించుకుంది. ఇంత బాగున్నదాన్ని నడవలో ఎందుకు పాడుచేయడం, మేడ మీద కొత్త దంపతుల గదిలో మంచం పక్కన వేస్తాను, పొద్దున లేవగానే వాళ్ళ కాళ్ళు దీని మీదే పడాలి అంది.

ఇబ్తిసామ్ నా వైపు చూసింది. నోరు మూసుకో అమ్మమ్మా అని ఆ చూపు. మూసుకోవాలనే అనుకున్నాను. దుకాణం, సామాన్లు, కాసాబ్లాంకా బస్సు, అన్నీ గుర్తున్నాయి. కానీ ఎవరో ముక్కూ మొహం తెలియని పెళ్ళికూతురు, చేతుల గోరింట ఇంకా ఆరకుండానే, తామో మొగుడి మీద, మబర్కా మొగుడి మీద, మాతి మీద కాలు పెట్టి లేవడం నా కళ్ళకు కట్టింది.

"అమ్మా, అక్కడ వేయకు," అన్నాను. "ఇది విడిచిన తెలుపు. మా వీధి విధవలందరిదీ. ఆ చివర జానెడు నాది."

 మేడమ్ చదువుకున్న మనిషి, నవ్వి తీసిపారేస్తుందనుకున్నాను. ముందు ఒక కాలు ఎత్తింది, నిప్పు తొక్కినట్టు. తర్వాత రెండోది. చెప్పులు తొడుక్కుంది.

"నీకు తెలుసా?" అని ఇబ్తిసామ్‌ను అడిగింది. ఆ పిల్ల తల దించుకుంది.

"నాకు ఇలాంటి నమ్మకాలేం లేవు," అంది మేడమ్. "కానీ ఇది కారులో పెట్టుకుని ఎలా వెళ్ళను? ఆ కారు మా ఆయన నడుపుతాడు. ఆయనకు అసలే గుండె జబ్బు."

మర్యాదకు నల్ల సబ్బు డబ్బా ఒకటి కొనుక్కుని వెళ్ళిపోయింది.

ఇబ్తిసామ్ తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. దుకాణంలో కూర్చుని, తాటాకు సంచులు ఒకదానిలో ఒకటి దూరుస్తోంది. సర్దుతోందో, సర్దుకుంటోందో నాకు అర్థం కాలేదు. అడగడానికి భయం వేసింది. ఇంత బాధపడి, గుండె చించి ఇచ్చినట్టు ఇచ్చిన బట్ట, ఆ బేరం కూడా పోగొట్టి, నా ముందు గదిలోనే పడి ఉంది. దాన్ని మడిచి పెట్టడానికి ఈ ఇంట్లో అంత పెద్ద పెట్టె కూడా లేదు.

సాయంత్రం తామో వచ్చింది, వెనకే మబర్కా, ఆవిడ చెల్లెలు. సంగతి వీధంతా పాకింది. తామో గుమ్మంలో చెప్పులు వదిలి, తిన్నగా తివాచీ మధ్యకు వెళ్ళి కాళ్ళు చాపుకుని కూర్చుంది. కాలిన మచ్చ వెతికి దాని మీద అరచెయ్యి పెట్టింది.

"మరాకేష్ వెళ్ళి మేడ మీద పడుకుంటాడనుకున్నాను మా ఆయన. గని వాసన చూసి గెంటేశారా?"

మబర్కా నా వైపు తిరిగి నవ్వింది. కూర్చోవే యామ్నా, మనకు ఇంకేం అవుతుంది, మొగుళ్ళు ఉన్నవాళ్ళకు కదా భయం అంది. వాళ్ళు ముగ్గురూ తమ తమ పీలికలు వెతుక్కుంటూ, ఇది నీది కాదు నాది అని దెబ్బలాడుకోవడం మొదలుపెట్టారు. నేను అంచున కూర్చున్నాను, నా జానెడు పక్కన. దాని మీద కాదు.

ఇబ్తిసామ్ టీ పళ్ళెం పట్టుకుని గుమ్మంలో నిలబడింది. చెప్పులు లేవు. తివాచీ మీదికి రాబోతోంది.

"ఆగు," అని అరిచాను. "నువ్వు తొక్కకూడదు. పెళ్ళి కావలసినదానివి. చుట్టూ తిరిగి రా."

ఆ పిల్ల నన్ను చూసిన చూపులో విసుగు ఎంతుందో, నా ఇన్నేళ్ళ విసుగు దాని ముందు ఏ మూలకు? నేరుగా నడిచి వచ్చి, నా జానెడు మీదే నిలబడింది.

"గని నుంచి రాగానే తాతయ్య బోర్లా పడుకుని నడుం తొక్కమనేవాడు," అంది. "నువ్వు కాదు కదా, నేనే తొక్కేదాన్ని. ఇప్పుడు నేను తొక్కితే ఆయన నన్నేం చేస్తాడు?"

 తామో ముక్కు ఎగబీల్చింది. ఇబ్తిసామ్ అక్కడే మోకాళ్ళ మీద కూర్చుని, పళ్ళెం దించి, గ్లాసుల్లో టీ పోయడం మొదలుపెట్టింది. తేనీటి ధార పై నుంచి పడుతోంది, ఆ మీగడ రంగు మీద చుక్కలు ఎగురుతున్నాయి. ఆ పిల్ల చూపు దాని మీద లేదు. నా మొహం మీద ఉంది.

"పోసేటప్పుడు చూసుకోవే," అన్నాను. "పుదీనా టీ మరక పడితే వదలదు."

"వదలకపోతే ఉండనీ," అంది, నా గ్లాసు నిండుగా పోస్తూ.