సన్యాసిరావు కచేరీ

సన్యాసిరావు లోకో షెడ్డులో బాయిలర్ల మోత మధ్య పనిచేసి వినికిడి పోగొట్టుకున్నాడు; చెవిలో అరిస్తే తప్ప వినబడదు. వయొలిన్ మాత్రం వదల్లేదు. ఛాతీకి ఆనిన దాని చెక్క అదురుని బట్టే వాయించుకునేవాడు.

ఆ ఏడాది బిలాస్‌పూర్ రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో కచేరీకి కొరియా బృందం వచ్చింది. గయాగుమ్ అనే వాళ్ల తీగల వాద్యంతో స్పెయిన్ గిటారు, ఆఫ్రికా డప్పు కలుపుతున్నారు. ఊళ్లో ఒక వయొలిన్ కావాలన్నారు. సన్యాసిరావు చెవుడు సంగతి దాచి ఒప్పుకున్నాడు.

రిహార్సల్లో గయాగుమ్ వాయించే హ్యాంజు అనే అమ్మాయి వేళ్లు చూస్తూ తప్పు లేకుండా అనుసరించాడు.

"ఈ జన్మకిది చాలే అమ్మా," అన్నాడు కూతురు భానుప్రియతో.

కచేరీలో రెండో పాటకు దీపాలు తగ్గించారు. హ్యాంజు చేతులు కనిపించలేదు. సన్యాసిరావు కళ్లు మూసుకుని గుర్తున్నంతా వాయించాడు. తెరిచేసరికి జనం నవ్వుతున్నారు. హ్యాంజు తలవంచుకుని కూర్చుంది.

భానుప్రియ వేదికెక్కి తండ్రి భుజం పట్టుకుంది.

"ఏటైందే?"

ఆమె అందరికీ వినబడేలా అతని చెవిలో అరవక తప్పలేదు. "బస్, చాలు నాన్నా! వాళ్లు ఎప్పుడో ఆపేశారు!"

మిగతా పాటలు వయొలిన్ లేకుండానే సాగాయి. సన్యాసిరావు వేదిక మీదే కూర్చుండిపోయాడు. ఒక్క స్వరమూ అతనికి వినబడలేదు.

తర్వాత భజనకు పిలవడానికొచ్చిన వాళ్లతో, "నాకు వాయించడం రాదు బాబూ," అని తలుపు వేసుకున్నాడు.