నూనె పట్టిన దూలం

పడవలు కట్టే ఊరైన తానబేరు తీరాన, పూర్తి కావచ్చిన పడవ అడుగున ఆ ఉదయం నిలబడినవారు నలుగురు. ముందు పెద్దమేస్త్రీ పువాంగ్ సంగ్కల, ఆయన వెనుక యజమాని హాజీ మక్కులావ్, తరువాత రేవు తనిఖీ ఉద్యోగం నుండి విరమించి ఇక్కడ పూతకు ముందు చెక్కను పరీక్షించే నేను, చివర చెక్కను పూతకు సిద్ధం చేసే హల్వియా. మా తీరాన నిలబడే వరుస అదే. మాట్లాడే వరుస కూడా అదే.

ఆ పడవకు కాబోయే సరంగు హల్వియా భర్త అంబో. కిందటి వర్షాకాలంలో అతడు నడిపిన మరో పడవకు నీరు చొరకుండా వేసిన ఎపాక్సీ పూత పొలుసులుగా ఊడి, అతుకులోంచి నీరు చేరింది. పగలంతా నీరు తోడిపోసి ప్రాణాలతో ఒడ్డుకు చేరాడు.

ఎపాక్సీ అప్పటికే కలిపారు. బకెట్టులో అది వేడెక్కుతోంది. అరగంటలో రాయిగా మారుతుంది. సెలయర్ దీవి వైపు మబ్బు పట్టింది. చెక్క పూతకు తగినదని ముందురోజు సాయంత్రమే నేను పరీక్షించి చెప్పాను. హాజీ త్వరపడమన్నాడు.

హల్వియా తడివేళ్లతో అడుగుదూలం వెంట నీటిచుక్కలు వేసి చూసింది. అంతటా నీరు చెక్కలోకి ఇంకింది. మధ్యలో జానెడు మేర మాత్రం ఇంకక గుండ్రంగా నిలిచింది.

అది ఏమిటో అందరికీ తెలుసు. తెల్లవారగానే పువాంగ్ పడవకు నాభిగా భావించే దూలం నడుమ అరచేత కొబ్బరినూనె రాసి, పడవ క్షేమం కోరి దువా చదివారు. అతుకులను బెరడుపీచుతో పూడ్చిన కాలంలో ఆ నూనె వల్ల హాని లేదు. ఎపాక్సీ మాత్రం నూనె మీద పట్టదు.

“నాలుగు చుక్కలకే పడవ మునుగుతుందా? ఉప్పుకాగితంతో రుద్దెయ్, పోతుంది,” అన్నాడు హాజీ.

“రుద్దితే నూనె లోపలికి దిగుద్ది హాజీ. ముందు నూనె తీసే మందుతో తుడవాలి, రుద్దుడు ఆ తరవాతే.”

“ఎవరి చేతి నూనె తుడుస్తానంటున్నావో తెలుసా?”

ఆమె పెద్దమేస్త్రీ వైపు తిరిగింది. “పువాంగ్, మీ దువా వద్దని కాదు. అంబో దీన్నే నడపాలి. పూత ఊడితే ఆయన కాళ్ల కిందే ఊడుద్ది.”

బకెట్టు నుండి సన్నగా పొగ లేచింది. పూతకు ముందు చెక్కను మళ్లీ పరీక్షించవలసినవాణ్ణి నేను, పరీక్షించలేదు. అప్పుడైనా నోరు తెరవలేదు.

పువాంగ్ దూలాన్ని వేలితో తాకి చూశారు. “నా చేతి నూనెకి ఆ బకెట్టులోది అంత భయపడుతుందా?”

“నూనె ఎవరిదైనా దానికి ఒకటే పువాంగ్. మా వంటింటి పీట మీదైనా అంతే.”

ఆయన పెదవి కొద్దిగా కదిలింది. “గుడ్డ ఇటివ్వు. రాసింది నేను, తీసేదీ నేనే.”

“ఒకే వైపు తుడవండి. మురికైన మడత మళ్లీ పెట్టకండి,” అంది ఆమె, మేస్త్రీకే పని చెబుతూ.

ఆయన చెప్పినట్టే చేశారు. బకెట్టులోది గట్టిపడిపోయింది, దానిని పారవేశారు. వాన కురిసి వెలిసింది. చెక్క ఆరిన మూడవనాడు హల్వియా దూలాన్ని మళ్లీ తుడిచి, రుద్ది, చుక్క వేసింది. ఈసారి ఆ జానెడు మేరా నీరు ఇంకింది. చెక్క తిరిగి ఆరాక పూత వేశారు. అంబో ఆ పడవను నేటికీ నడుపుతున్నాడు.

దూలంలోని లోపాన్ని పూతకు ముందే కనిపెట్టి, పెద్దల సమక్షంలో నిర్భయంగా చెప్పి సరిదిద్దించిన ఘనత పూర్తిగా హల్వియాదేననీ, అందులో నా భాగమేమీ లేదనీ ఇందుమూలముగా ధ్రువీకరిస్తున్నాను.