లెక్క అదే, కంచం వేరు

నేను ఒక కాటాను. ఇనుప పలక, దాని మీద నిలువు స్తంభం, స్తంభం తల మీద అడ్డంగా ఒక దండె, దండె మీద అటూ ఇటూ జరిగే ఇత్తడి గుండు. నా సంసారమంతా ఇంతే. కొలిమి దగ్గర నన్ను పోతపోసినవాళ్లు పేరు పెట్టలేదు. తూనికల అధికారి వచ్చి సీసం ముద్ర వేసి, నేను నిజం చెబుతానని ధ్రువీకరించి వెళ్లాడు. మనుషుల్లో ఎంతమందికి అటువంటి ముద్ర ఉంటుందో నాకు తెలియదు.

మొదటి పన్నెండేళ్లు బెల్లం యార్డులో పనిచేశాను. దిమ్మలు దించేవాళ్లు, ఎత్తేవాళ్లు, మధ్యలో నేను. తరువాత అక్కడికి అంకెలు వెలిగే కాటాలు వచ్చాయి. నన్ను గోడ పక్కన నిలబెట్టి నా మీద గోనెసంచులు ఆరేసుకున్నారు. అలా ఉండగా గౌరునాయుడు మాస్టారు చూశాడు. మిలిటరీలో పనిచేసి వచ్చి, విజయనగరం దగ్గర తన ఊళ్లో రేకుల షెడ్డు వేసి, పిల్లలకు వెయిట్ లిఫ్టింగ్ నేర్పుతున్న మనిషి. నన్ను ట్రాలీ ఆటోలో ఎక్కించి తీసుకుపోయాడు.

బెల్లం దిమ్మ తన బరువు ఎంతైనా దిగులుపడదు. మనుషులు అలా కాదని షెడ్డులో తెలిసింది. నా మీద ఎక్కేముందు చెప్పులు విప్పుతారు, చెవిదుద్దులు తీస్తారు, ఊపిరి బయటికి వదిలేస్తారు. గాలికి కూడా బరువుంటుందని వాళ్ల భయం.

ఆ షెడ్డులో అందరికన్నా బాగా ఎత్తేది అసిరితల్లి. అప్పటికి ఇరవై ఒకటో ఏడు. తండ్రి లేడు. తల్లి సన్యాసమ్మ బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. అసిరి బరువు అరవై మూడు కేజీల చిల్లర. ఆ విభాగంలో రాష్ట్రంలో తనకన్నా గట్టివాళ్లు ఇద్దరున్నారు. యాభై తొమ్మిది లోపుకు దిగితే దారి ఖాళీగా ఉంటుందని మాస్టారు అన్నాడు. రాష్ట్ర పోటీలకు పది వారాలు గడువుంది. అందులో మొదటి ఇద్దరిలో నిలిస్తే శిక్షణ శిబిరానికి పంపుతారు, అక్కడి నుంచి ఉద్యోగం దాకా దారి ఉంది. లేకపోతే తల్లితోపాటు బడి వంటకు పోవడమే.

అసిరి ఫోనులో వెతికింది. ఎన్ని కేలరీలు తిన్నామన్నదే ముఖ్యం, ఏం తిన్నా ఒకటేనని ఎవరో గట్టిగా చెప్పారు. ఆ మాట ఆమెకు నచ్చింది. రోజుకు పదహారు వందలు అని గీత గీసుకుంది. వేరుసెనగపప్పు గుప్పెడికే అంత లెక్క చూపిస్తుంటే జడిసి మానేసింది. గుడ్డు మానేసింది, పప్పు మానేసింది. పొద్దున టీలో నాలుగు బిస్కెట్లు, మధ్యాహ్నం అన్నం పులుసు, సాయంత్రం ఒక బన్ను, మళ్లీ టీ. లెక్క ఒక్కరోజూ గీత దాటలేదు.

రోజూ పొద్దున్నే నా మీద ఎక్కేది. గుండును తానే జరుపుకునేది. వారం వారం అది ఎడమకు జరుగుతూ వచ్చింది. పదో వారానికి యాభై ఎనిమిది కేజీల ఏడు వందల గ్రాముల దగ్గర దండె సమంగా నిలిచింది. అసిరి స్తంభాన్ని కావిలించుకుంది. నేను అటువంటి వాటికి అలవాటు పడినదాన్ని కాను.

పోటీకి నేను వెళ్లలేదు. విన్నదే చెబుతున్నాను. ఆ రోజు ఒక్క ఊపున తల పైకి ఎత్తే స్నాచ్‌లో డెబ్బై ఐదు కేజీలు పెట్టించుకుంది. షెడ్డులో నవ్వుతూ ఎత్తే బరువు. మూడుసార్లు పట్టింది. మూడుసార్లూ మోకాళ్ల దగ్గరే చేతులు వదిలేశాయి. పేరు పక్కన సున్నా వేశారు.

తిరిగొచ్చాక నాలుగు రోజులు షెడ్డు ముఖం చూడలేదు. అయిదో రోజు వచ్చి నా పలక మీద కూలబడింది.

"ఈ కాటా తప్పు సెప్పింది మాస్టారూ. బరువు దిగింది గాని బలమెలాగ పోనాది?"

మాస్టారు ఇరవై కేజీల ఇనుప బిళ్ల తెచ్చి, ఆమెను లేవమని, నా మీద పెట్టాడు. ఇరవై చూపించాను.

"ఇది తప్పు సెప్పనేదమ్మా. ఎంత బరువున్నావని అడిగేవు, అది సెప్పింది. ఏటి తగ్గిందో నువ్వు అడగనేదు, దానికి తెలీదు కూడాను."

జేబులోంచి దర్జీ టేపు తీశాడు. పది వారాల కిందట రాసిపెట్టుకున్న కొలతలు ఆయన దగ్గర ఉన్నాయి. నడుము అర అంగుళం తగ్గింది. తొడ అంగుళమున్నర తగ్గింది.

"కొవ్వు కొంతే కరిగింది. కండ కరిగిపోనాది. కండకి కూడెట్టనేదు నువ్వు. పులుసన్నం, బిస్కెట్టు పెడితే అదెలాగ నిలబడతాది?"

"మరి లెక్క దాటనేదు కదా."

"బరువు దిగడానికి నీ లెక్క సరిపోయింది. ఆ పదహారు వందలూ అలాగే ఉంచు. కంచం మార్చు."

ఆమెకు కోపం వచ్చింది. చదువుకున్నవాళ్లెవరో చెప్పినది తప్పని ఈయన ఎలా అంటాడు? అయినా ఈసారి ఆయన మాటే వింది. ముందు రెండు నెలలు మామూలుగా తిని ఒంటికి సత్తువ తెచ్చుకుంది. బరువు మళ్లీ అరవై మూడుకు దగ్గరైంది. తరువాత, శిబిరానికి మళ్లీ పెట్టిన ఎంపిక పోటీకి పది వారాలుందనగా కంచం మారింది. పొద్దున చోడి అంబలి, అంటే రాగి జావ, రెండు గుడ్లు. మధ్యాహ్నం అన్నం సగం, పక్కన గట్టి పప్పు, లేకపోతే ఎండు నెత్తళ్ల చేపలు. సాయంత్రం ఉడకబెట్టిన ఉలవలు. రాత్రికి పెరుగు. ఇంట్లో సన్యాసమ్మ దెబ్బలాడింది.

"అన్నం మానేస్తే ఒంట్లో ఏటుంతాదే? వండింది ఎవులు తింతారు?"

గుండు ఈసారీ ఎడమకే జరిగింది. ఒక వారం అసలు కదలలేదు. అసిరి నన్ను కాలితో తన్ని, కాలు నొప్పెట్టి, తానే పట్టుకుని కూర్చుంది. పదో వారానికి యాభై ఎనిమిది ఎనిమిది వందలు. పోయినసారి చెప్పినదానికి ఇప్పుడు చెప్పినదానికి వంద గ్రాములే తేడా. మాస్టారి టేపు మాత్రం వేరే కథ చెప్పింది. నడుము రెండంగుళాలు తగ్గింది, తొడ పావు అంగుళం.

పోటీలో ఎనభై ఎత్తింది. రెండో స్థానం. శిబిరానికి పేరు రాసుకున్నారు.

ఆ వారంలో ఒక సాయంత్రం సన్యాసమ్మ షెడ్డుకు వచ్చింది. అప్పటిదాకా గడప అవతలే నిలబడి గిన్నె ఇచ్చి పోయే మనిషి. కూతురు ఆమె చెయ్యి పట్టుకుని నా మీద ఎక్కించింది. గుండు జరుపుతూ పోయింది, జరుపుతూ పోయింది. అరవై ఏడు నాలుగు వందల దగ్గర ఆగింది.

"నీ కన్నా నానే బరువేటే?" అని నవ్వింది సన్యాసమ్మ. "నానేటి తింతన్నానని? నువ్వు తిన్నాక మిగిలింది తింతాను, అంతే."

అసిరి నవ్వలేదు. మాస్టారి టేపు తీసుకుని తల్లి నడుము కొలిచింది. తరువాత జబ్బ కొలిచింది. నడుము తనకన్నా చాలా ఎక్కువ, జబ్బ మాత్రం తన జబ్బకన్నా సన్నం.

"అమా, నాను ఒగ్గేసిన అన్నం ఏటి సేసేవు?"

"ఏటి సేస్తాను, పారబోస్తానేటి? పులుసు పోసుకుని తినీసినాను."

"బళ్లో గుడ్లు వండుతావు కదా. ఒక్కటైనా తిన్నావా?"

"అవి పిల్లలవి."

"ఇంట్లోవి?"

"అవి నీవి కదే."

నా మీదనుంచి దిగడానికి సన్యాసమ్మ రెండు చేతులతో స్తంభం పట్టుకుంది. ఒక మోకాలు వంచి, కాసేపు ఆగి, రెండోది దించింది. తక్కువ తినే మనిషి ఎందుకు లావెక్కిందో, లావెక్కిన మనిషి ఎందుకు లేవలేకపోతోందో షెడ్డులో ఎవరూ అడగలేదు. అసిరి టేపు చుట్టుకుంటూ, తల్లి ముఖం చూడకుండా అంది:

"రేపట్నుంచి ఇద్దరం ఒకేసారి కూకుంటాం. రెండు కంచాల్లోనూ ఒకటే ఉండాల. నువ్వు తిననేదంటే నానూ తినను."

శిబిరానికి వెళ్లేదాకా అలాగే జరిపించింది. వెళ్లేటప్పుడు ఆ పని మాస్టారికి అప్పజెప్పింది. తల్లిని వారానికి మూడు రోజులు షెడ్డుకు రప్పించి, బల్ల మీద కూర్చుని లేవడం, చిన్న బిళ్లలు ఎత్తడం చేయించమంది. మొదట్లో సన్యాసమ్మ సిగ్గుతో కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. తరువాత కొంగు నడుముకు బిగించింది.

షెడ్డులోకి ఇప్పుడు అంకెలు వెలిగే కాటా వచ్చింది. పిల్లలంతా దాని మీదే ఎక్కుతారు. సన్యాసమ్మ మాత్రం గోడవారనున్న నా దగ్గరికే వస్తుంది. అంకెలు గభాలున మారిపోతే ఆమెకు నమ్మకం కుదరదట.

ఆరు నెలల తరువాత మొన్న ఎక్కింది. అరవై ఆరు ఒక వంద. అంతా కలిపి కేజీ చిల్లర. చూసినవాళ్లెవరూ మెచ్చుకునే తగ్గుదల కాదు. ఆమె కూడా పెదవి విరిచి, గిన్నె చంకన పెట్టుకుని, పులుసు పొయ్యి మీద ఉందని మాస్టారితో చెబుతూ గబగబా దిగి వెళ్లిపోయింది.

స్తంభం పట్టుకోలేదు. ఆమె గమనించలేదు. దాన్ని చూపించడానికి నా దండె మీద గీత లేదు.