కుర్చీలో లోపం లేదు

రెజిస్ వాల్మోర్ గీసిన కుర్చీలో ఒక్కసారైనా కూర్చోని మనిషి ఫ్రాన్సులో లేడని ఆ రోజుల్లో అనేవారు. ఇనప గొట్టం, వంచిన చెక్క, అంతే. ఒక్క చేత్తో ఎత్తొచ్చు. మడిస్తే పలకలా గోడకి ఒదిగిపోయేది. దానికి ‘ప్లూమ్’ అని పేరు పెట్టాడు, అంటే ఈక. బడుల్లో, చర్చి హాళ్ళలో, పెళ్ళి విందుల్లో ఎక్కడ చూసినా అవే.

మొదటి నమూనాని ఫ్యాక్టరీలో బిగించింది మార్త్ అనే ఫిట్టరు. 1957 ఫిబ్రవరి. పారిస్ ప్రదర్శనకి ఇంకా వారమే ఉంది. ఆమె మడతలో పెన్సిల్ పెట్టి కుర్చీ మూసింది. పెన్సిల్ పటుక్కున విరిగింది.

“చూశారా మస్యూ? పిల్లల వేళ్ళు పడితే ఏంగాను?”

“పిల్లలు అక్కడెందుకు పెడతారమ్మా వేళ్ళు?”

“పిల్లలు గనక. ఇక్కడ వేలు మందాన చిన్న దిమ్మ వేయించండి, చాలు.”

దిమ్మ వేస్తే కుర్చీ పలకలా మడతపడదు. ఆ నునుపు కోసం రెజిస్ రెండేళ్ళు తిండీ నిద్రా మానుకున్నాడు. “ఈసారికి ఇలా పోనీ, వచ్చే ఏడు చూద్దాం,” అన్నాడు. ప్రదర్శనలో పతకం వచ్చింది. వచ్చే ఏడు కూడా వచ్చింది, కానీ అతను ఆ ఊసెత్తలేదు. మార్త్ ఎదురొస్తే పక్క తలుపులోంచి వెళ్ళిపోయేవాడు.

1961లో కాంతాల్ కొండల్లోని ఒక బడి నుంచి పంతులమ్మ ఉత్తరం రాసింది. మిరెయ్ అనే ఎనిమిదేళ్ళ పాప కుర్చీ మడుస్తూ చూపుడువేలి కొస పోగొట్టుకుంది, కుర్చీలో ఏదైనా లోపం ఉందేమో చూడమని. మేనేజరు పెలిసియే ఆ కాగితాన్ని రెజిస్ బల్ల మీద పడేశాడు.

“నువ్వే రాసెయ్యవయ్యా. నీ పేరంటే వాళ్ళకి గురి.”

రెజిస్ రాశాడు. కుర్చీలో లోపం లేదు, చెప్పిన పద్ధతిలో మడిస్తే ప్రమాదానికి తావు లేదు, పాప అజాగ్రత్తగా మడిచి ఉంటుంది అని. సంతకం పెట్టాడు. మరుసటి నెల నుంచి కొత్త కుర్చీలకి దిమ్మ వేయమని కార్ఖానాలో చెప్పాడు. ఎందుకో చెప్పలేదు. అప్పటికే బడులకి చేరిపోయినవాటి సంగతి ఎవరూ అడగలేదు.

పదిహేనేళ్ళ తర్వాత కాంతాల్‌లో ఒక చిన్న ఊరి వాళ్ళు కొత్త సభామందిరం తెరవడానికి పిలిస్తే వెళ్ళాడు. ఊరి పేరు ఎక్కడో విన్నట్టుంది, అంతే. మేయరు పొగిడాడు, జనం చప్పట్లు కొట్టారు. విందులో జున్ను వడ్డిస్తున్న ఒక యువతి అతని ముందు ఆగిపోయింది.

“మస్యూ వాల్మోర్! మీ ఉత్తరం మా క్లాసులో చదివి వినిపించారండీ!” నవ్వుతూ చెయ్యి చాపి చూపించింది. చూపుడువేలు గోరు లేకుండా, పొట్టిగా ఉంది. “నేనే మిరెయ్‌ని. ఎంత తింగరిదాన్నో చూడండి. మా నాన్న రెండు చెంపలూ వాయించాడు. ఇప్పటికీ ఇంట్లో గ్లాసు పగిలితే ‘కుర్చీ మడిచిందెవరు?’ అనడమే!”

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. రెజిస్ నోట్లోంచి వచ్చిన మాట ఒకటే: “పర్లేదమ్మా, చిన్నపిల్లవి కదా.”

ఆమె తప్పుని అతను క్షమించాడు! రైలు స్టేషనులో కూర్చున్నాక ఆ మాటే అతనికి మళ్ళీ మళ్ళీ వినిపించింది. రైలు వచ్చింది, వెళ్ళింది. తెల్లారాక అతను బెంచీ మీంచి లేచి మళ్ళీ ఊళ్ళోకి నడిచాడు.

మిరెయ్, వాళ్ళమ్మ వంటింట్లో చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు. అతను నిలబడే చెప్పాడు, మార్త్ విరగ్గొట్టిన పెన్సిల్ నుంచీ మొత్తం.

“అంటే మీకు ముందే తెలుసన్నమాట,” అంది మిరెయ్.

“తెలుసు. నాలుగేళ్ళ ముందు నుంచీ.”

తల్లి ఒలవడం ఆపింది. “మా ఆయన చనిపోయేదాకా దీని చేతికి పసిబిడ్డని ఇవ్వనిచ్చేవాడు కాదు. దీని చేతులు మంచివి కావనేవాడు.”

నిన్న నవ్వుతూ చూపించిన చేతిని మిరెయ్ ఏప్రాన్ కింద దాచుకుంది. అది చూడలేక రెజిస్ తల దించుకున్నాడు.

“నన్ను తిట్టండమ్మా.”

“మీకు హాయిగా ఉండటానికా? తిట్టను,” అంది మిరెయ్. “మా పంతులమ్మ ఆ మూలింట్లోనే ఉంటుంది. వెళ్ళి చెప్పండి. తర్వాత మేయరుకి. నిన్న చప్పట్లు కొట్టిన ప్రతివాళ్ళకీ చెప్పండి.”

చెప్పాడు. పంతులమ్మ మొత్తం విని తలుపు వేసుకుంది. మేయరు దగ్గేసి, వాతావరణం గురించి మాట్లాడాడు.

పారిస్‌లో పెలిసియే నవ్వాడు. “ఎప్పటి ముచ్చటయ్యా అది! ఇప్పుడెవడడిగాడని?”

రెజిస్ ఆ వసంతంలోనే ఉద్యోగం మానేశాడు. పాత కుర్చీలు కొన్న బడుల జాబితా సంపాదించి, ఒక్కొక్క బడికీ స్వయంగా రాశాడు: లోపం కుర్చీలోనే ఉంది, తెలిసీ దాచింది నేను, వాటిని తీసేయండి. చాలామంది జవాబివ్వలేదు. ఒక ఊరివాళ్ళు మా కుర్చీలు భేషుగ్గా ఉన్నాయి, ఇంకో డజను పంపగలరా అని అడిగారు.

పదకొండు జవాబుల్లో మాత్రం ఆ కుర్చీల్లో వేళ్ళు నలిగిన పిల్లల పేర్లు ఉన్నాయి. అన్నాళ్ళూ అతను ఒక్క మిరెయ్ మాత్రమే అనుకున్నాడు. పేర్లన్నీ కాగితం మీద రాసుకుని, మొదటి పేరున్న ఇంటికి బయల్దేరాడు.