కుడివైపు మూడో వంతు

"ఇక్కడేముంది?" అన్నాడు మావయ్య, కంప్యూటర్ తెర కుడివైపు వేలు పెట్టి.

"ఏమీ లేదు," అంది మేనకోడలు.

"అదే అడుగుతున్నా. ఎందుకు లేదు?"

మావయ్య వేలు తీయలేదు.

ఆయన పని గదులు అద్దెకిప్పించడం. కొన్ని సొంతవి, ఎక్కువ పరాయివి. మెట్ల కింద అద్దాల తలుపు వేసిన చిన్న ఆఫీసు. దాంట్లో రెండు బల్లలు, గోడకు వరసగా తాళాల గుత్తులు, వాటి పక్కన చెక్క చట్రంలో నిలువెత్తు మావయ్య ఫోటో. మేనకోడలు డిజైను చదువు పూర్తి చేసి వచ్చాక వెబ్‌సైటు పని ఆమెకు అప్పగించాడు. ఆమె ప్రతి గదికీ వెళ్ళి, ఏ వేళ వెలుతురు బాగుంటుందో చూసి, ఆ వేళకే మళ్ళీ వెళ్ళి ఫోటో తీసింది. శీతాకాలమంతా దానికే పోయింది.

ఇప్పుడు తెర మీద ఉన్నది మూడో అంతస్తు గది. ఎడమవైపు ఏ నగిషీ లేని నల్లటి అక్షరాలు: రెండు కిటికీలు. పొద్దుటి వెలుతురు. లిఫ్టు లేదు. దాని కింద ఒకే ఒక్క ఫోటో. వరసలన్నీ ఒకే అంచు దగ్గర మొదలై, ఎక్కడ మాట అయిపోతే అక్కడ ఆగాయి. కుడివైపు మూడో వంతు పైనుంచి కింది దాకా తెలుపు.

"లిఫ్టు లేదని మనమే చెప్పుకోవాలా?"

"మూడంతస్తులు ఎక్కాక తెలిస్తే వాళ్ళు తిట్టేది నిన్నే."

పక్క బల్ల దగ్గర ఫోన్‌లో బొమ్మలు చూసుకుంటున్న బావ నవ్వాడు. మావయ్య కొడుకు. మాటకారి. "నాన్నా, అది స్విట్జర్లాండ్ పద్ధతి. మరదలు పిల్ల కాలేజీలో నేర్చుకుంది. బట్టల కొట్టూ అంతే, బ్యాంకూ అంతే, ఇప్పుడు సైట్లన్నీ ఒకే రకం, ఉతికి ఆరేసిన దుప్పట్ల మాదిరి."

"దుప్పట్లు ఒకలా ఉంటే నీకేం బాధ బావా? కప్పుకునే మనుషులు వేరు కదా."

"స్విట్జర్లాండ్‌కీ మన గదులకీ ఏంటే సంబంధం?" అన్నాడు మావయ్య.

ఆమె కుర్చీ ఇటు తిప్పింది. "రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక అక్కడ కొందరు పోస్టర్లు వేసేవాళ్ళు కాగితాన్ని కంటికి కనపడని నిలువు అరలుగా విడగొట్టారు మావయ్యా. ఏ మాట ఏ అరలో కూర్చోవాలో ముందే తేల్చుకున్నారు. అరవడం మానేశారు. చెప్పాల్సింది చెప్పి, మిగతాది వదిలేశారు. నువ్వు ఫోన్‌లో సణుక్కోకుండా వాడే సైటు ఏదైనా తియ్యి, దాని ఎముకలు ఆ అరలే."

"వాళ్ళకు జాగా ఉంది, వదిలారు. నేను ఖాళీ జాగా చూస్తే నిద్రపోలేను."

"కాపీ కొట్టింది నాన్నా, అంతే," అన్నాడు బావ.

"కాపీ అయితే వాళ్ళ కొలతే పెట్టేదాన్ని. వాళ్ళ అక్షరాల కింద వత్తులు వేలాడవు. మన వాటికి వేలాడతాయి. వరసకూ వరసకూ మధ్య ఎంత ఎడం ఉండాలో నేను విడిగా కట్టుకున్నా. నీకు కనపడలేదంటే అది కుదిరిందనే."

మావయ్య లేచి జేబు తడుముకున్నాడు. ఆ జేబులో ఎప్పుడూ కటింగ్ ప్లేయర్ ఉంటుంది. "రేపు పొద్దున ఆ గది చూడ్డానికి ఒకావిడ వస్తోంది. ఈలోగా నువ్వు నింపు. లేదంటే వీడు నింపుతాడు. అప్పుడిక సైటు వీడిది, ఫోన్లు ఎత్తే పని నీది. తేల్చుకో."

"నింపను."

"సరే," అన్నాడు మావయ్య. బావ అప్పటికే కుర్చీ లాక్కుంటున్నాడు.

సాయంత్రానికి కుడివైపు మూడో వంతు నిండింది. పైన దండ వేసినట్టు చుక్కల చట్రంలో మావయ్య. కింద "త్వరపడండి" అని వెలిగి ఆరే ఎర్ర పట్టీ. దాని కింద పరుపుల ప్రకటన, నీళ్ళ మోటార్ల ప్రకటన, చేతులు కలుపుకుంటున్న ఎవరివో చేతులు. కుడివైపు సరిపోక ఎడమకూ పాకింది. ఫోటోలో రెండో కిటికీ మీద "నమ్మకానికి మారుపేరు" అని అడ్డంగా కూర్చుంది.

ఆమె కళ్ళు సగం మూసి చూసింది. కాలేజీలో నేర్పిన అలవాటు అది. అలా చూస్తే ముఖ్యమైనదే కంటికి ఆనాలి. ఎర్ర పట్టీ ఆనింది. గది ఆనలేదు.

"ఎలా ఉంది మరదలా? నోట మాట రావట్లేదా?"

"బాగుంది బావా. ఇదంతా పెద్ద కాగితాల మీద అచ్చు తీయించనా?"

బావ ఉబ్బిపోయాడు. "తీయించు, తీయించు!"

గది చూపించేముందు మావయ్యకొక పట్టుదల ఉంది. పాత అద్దెవాళ్ళది అందులో ఏదీ మిగలకూడదు. క్యాలెండర్ ఉంటే పీకేస్తాడు, గోడకు మేకు కనపడితే కటింగ్ ప్లేయర్‌తో లాగేస్తాడు. ఒకసారి మంచి బీరువా ఎవరో వదిలేసి పోతే దాన్ని కూడా కిందికి మోయించాడు. "మనిషి వచ్చి నిలబడగానే తన మంచం ఎక్కడ వేసుకోవాలో కనపడాలి, ఇంకోడి బీరువా కాదు," అనేవాడు. తలుపులు తీసి, తుడిచి, కిటికీలు తెరిచే పని మేనకోడలిది.

మర్నాడు పొద్దున ఆమె తాళాలు తీసుకుని, చంకలో కాగితపు చుట్టతో అందరికంటే ముందే పైకి వెళ్ళింది. ఒకసారి దిగి వచ్చి ఆఫీసు గోడ మీది మావయ్య ఫోటోను కూడా మోసుకుపోయింది.

వచ్చినావిడ దర్జీ. మెడలో టేపు అలాగే వేలాడుతోంది. మావయ్య ఆమెను వెంటబెట్టుకుని మెట్లెక్కుతూ, వెలుతురు గురించి చెబుతూనే ఉన్నాడు. తలుపు తోశాడు.

గది నడుమ గుమ్మానికి ఎదురుగా ఆయనే నిలబడి ఉన్నాడు, చట్రంలో. గోడల నిండా పరుపులు, మోటార్లు, కలుపుకున్న చేతులు. ఒక కిటికీ మీద ఈ చివరనుంచి ఆ చివరకు "త్వరపడండి". రెండో దాని మీద నమ్మకానికి మారుపేరు. పక్కనే మేనకోడలు చేతులు కట్టుకుని నిలబడింది.

దర్జీ గుమ్మంలోనే ఆగిపోయింది. "అయ్యో, ఇంకా ఎవరో ఉంటున్నట్టున్నారే. ఖాళీ అయిందన్నారు కదా?"

"ఖాళీయేనమ్మా, ఖాళీయే!" మావయ్య గొంతు చిట్లింది. "ఏమే! ఏంటిది?"

"నీ సైటు మావయ్యా. నిన్న సాయంత్రం నుంచీ ఊరందరికీ చూపిస్తున్న గది ఇదే. ఈవిడకు మాత్రం దాస్తే ఏం బాగుంటుంది?"

"వచ్చినావిడ ముందు నా పరువు తీస్తావా?"

"నేను తీయలేదు. నిలబెట్టా. చూడు, నడిమధ్యలో ఉన్నావు."

దర్జీ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఇంతకీ కిటికీలు ఎటువైపండీ? నా మిషను కిటికీ దగ్గరే వేసుకోవాలి."

మావయ్య మొహం నల్లబడింది. నేరుగా వెళ్ళి "త్వరపడండి"ని ఒక్క గుంజు గుంజాడు. వెలుతురు నేల మీద పలకలా పడింది. రెండోది కూడా చించాడు. తన ఫోటోను ఎత్తి, గోడకేసి తిప్పి పెట్టాడు. దర్జీ మెడలోంచి టేపు తీసి, ఎవరితోనూ మాట్లాడకుండా కిటికీ కింద కొలుచుకోవడం మొదలుపెట్టింది.

మావయ్య గోడ తడిమాడు. "మేకులు కొట్టావా?"

"టేపుతో అంటించా. నీ గోడ మీద నాకేం కోపం లేదు."

"కిందికి పో. ఫోన్లు మోగుతుంటాయి, ఎత్తు."

"ఎత్తను." ఆమె తాళాల గుత్తి ఆయన చేతిలో పెట్టింది. "ఈ గదిని నువ్వు ఎలా చూపిస్తావో తెర మీద కూడా అలాగే చూపిస్తానంటే నన్ను పిలువు. లేకపోతే బావ ఉన్నాడు. ఆ మూడో వంతు వదలకపోతే నేను వదిలేస్తా."

ఆమె మెట్లు దిగుతుంటే పైన కాగితాలు చింపుతున్న చప్పుడు వినపడుతూనే ఉంది. ఆఫీసు దగ్గర ఆగలేదు. బావ అద్దాల తలుపులోంచి చెయ్యి ఊపాడు, గోడ మీద ఫోటో ఏమైందన్నట్టు. ఆమె వేలు పైకి చూపించి వెళ్ళిపోయింది.

ఆ రోజు ఫోన్ రాలేదు. మర్నాడు మధ్యాహ్నం ఇంట్లో బల్ల దగ్గర కూర్చుని సైటు తెరిచింది. ఎర్ర పట్టీ లేదు. పరుపులు లేవు. మోటార్లు లేవు. ఎడమ అంచు పట్టుకుని ఆమె వరసలు ఆమె పెట్టినట్టే ఉన్నాయి. కుడివైపు మూడో వంతు తెల్లగా ఉంది, అడుగున ఒక మూల తప్ప. ఆ మూల తపాలా బిళ్ళంత మావయ్య ఉన్నాడు.

ఆమె కళ్ళు సగం మూసి చూసింది. తర్వాత ఆ బిళ్ళను కూడా తీసేసింది. కాసేపటికి ఫోన్ మోగింది.

"నా ఫోటో ఏదే?"

"తీసేశా."

అటువైపు ఒకటే సందడి. ఎవరో మెట్లెక్కుతున్న చప్పుడు, సామాను దించుతున్న కేకలు, కుట్టుమిషను తలుపుకు తగలకుండా చూడమంటున్న దర్జీ గొంతు.

"మీ అమ్మ కూడా చిన్నప్పుడు ఇంతే," అన్నాడు మావయ్య. "రేపు పెందలాడే రా. వెనక సందులో గది ఖాళీ అయింది."

"కుడివైపు?"

"వచ్చి చావు," అని పెట్టేశాడు.

ఫోటో మళ్ళీ రాలేదు.