అరువు ముక్కు

ఆ శనివారం పొద్దుటి నుంచి అతనికి కాలు ఒకచోట నిలవడం లేదు. వంటింట్లోకి వెళ్ళి గ్లాసులు తీస్తాడు, తుడుస్తాడు, మళ్ళీ లోపల పెడతాడు. కిటికీ తెరుస్తాడు, చలిగాలి తగలగానే మూసేస్తాడు. ఫ్రిజ్ తలుపు తీసి, ఎందుకు తీశాడో మరిచిపోయి, ఆ చల్లదనంలోకి ముఖం పెట్టి కాసేపు అలాగే నిలబడతాడు.

అతను ఒక పెద్ద హోటల్లో బార్‌టెండరు. ఆ పనిలో చెయ్యి తిరిగినవాడని పేరు. సోమవారం సాయంత్రం, బార్ తెరవకముందే, మేనేజరు ఎదుట ఒక కొత్త కాక్‌టెయిల్ కలిపి చూపించాలి. భోజనం అయ్యాక స్వీటుకు బదులు తాగేది. చాక్లెట్, కాఫీ, వోడ్కా, పైన తేలే పల్చటి క్రీము. ఆలోచన అతనిదే. మీటింగులో గొప్పగా చెప్పి అందరిచేతా తల ఊపించింది కూడా అతనే. అప్పటికి అతని ముక్కు పనిచేస్తోంది.

ఆ తర్వాత జ్వరం వచ్చింది. పోతూ పోతూ వాసనలన్నిటినీ మూటగట్టుకుని పోయింది. నాలుకకు తీపి, చేదు, ఉప్పు, పులుపు తెలుస్తున్నాయి, అంతే. కాఫీ వట్టి చేదు నీళ్ళు. చాక్లెట్ తియ్యటి బురద. "రావచ్చు, రాకపోవచ్చు, ఓపిక పట్టండి" అన్నాడు డాక్టరు. ఓపిక అనేది మొదట్నుంచీ అతని ఇంటావంటా లేదు. సంగతి ఎవరికీ చెప్పలేదు. పాత కాక్‌టెయిల్స్‌కు కొలతలు చేతికి వచ్చేసి ఉన్నాయి కాబట్టి నెట్టుకొస్తున్నాడు. కొత్తదానికి అలా కుదరదు.

అందుకే చెల్లెల్ని పిలిచాడు. ఆమె కళ్ళద్దాల దుకాణంలో చూపు పరీక్షిస్తుంది. వస్తూనే కోటు కుర్చీ మీద పడేసి, "పని చెప్తావని తెలిసే వచ్చాను. ముందు తాగించు" అంది.

అతను కాఫీ చిక్కగా కాచి చల్లార్చి ఉంచాడు. షేకర్లో మంచు ముక్కలు వేసి, వోడ్కా, కాఫీ, తియ్యటి కాఫీ లిక్కరు, చాక్లెట్ సాసు పోసి ఊపాడు. ముక్కు పోయినా చేతులు పోలేదు. లోపల మంచు గలగలలాడి, మెత్తబడి, చప్పుడు మారినప్పుడు ఆపాలని చెవికి తెలుసు. గ్లాసులోకి వడకట్టి, బోర్లించిన చెంచా మీదుగా క్రీము జారవిడిచి, ఆమె చేతికిచ్చాడు.

ఆమె ఒక గుక్క తాగింది. "బాగుంది."

"బాగుందంటే?"

"బాగుందంటే బాగుంది, అన్నయ్యా. ఇంకెలా చెప్పను?"

"ముందు ఏం తగిలింది? మింగాక ఏం మిగిలింది?"

"నీ పరీక్షలు తగలెయ్య. తాగితే చాలదా, పేపరు కూడా రాయాలా?"

అతను గ్లాసు లాక్కుని సింకులో పారబోశాడు. ఆమె నోరు తెరుచుకుని ఉండిపోయింది. "ఏమైంది నీకివాళ? కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నావు" అని, ఫోను మోగితే బాల్కనీలోకి వెళ్ళింది.

అతను సాసు మళ్ళీ చేయాలనుకున్నాడు. చాక్లెట్‌ను మరిగే నీళ్ళ మీద గిన్నె పెట్టి నెమ్మదిగా కరిగించాలి. అంత నిదానం లేక గిన్నెను నేరుగా మంట మీద పెట్టేశాడు. అటు తిరిగి గ్లాసు తుడవసాగాడు. గ్లాసు మీద ఒక మరక ఉంది, ఎంతకీ పోవడం లేదు.

"అన్నయ్యా, మాడిపోతోంది" అంటూ చెల్లెలు పరిగెత్తుకొచ్చింది.

తిరిగి చూస్తే వంటిల్లంతా పొగ. గిన్నెలో చాక్లెట్ నల్లగా గడ్డకట్టి బుడగలు కక్కుతోంది. ఆమె స్టవ్ ఆర్పి, కిటికీ తీసి, అతని వంక చూసింది. అతను నిలబడింది పొయ్యికి రెండడుగుల దూరంలో. బాల్కనీలో ఉన్న తనకు తెలిసింది, ఇక్కడున్న మనిషికి తెలియలేదు.

"కూర్చో" అంది. కోటు జేబులోంచి చేతిగుడ్డ తీసి అతని కళ్ళకు కట్టింది. అతను వద్దనలేదు. ముక్కు కింద ఏదో పెట్టింది.

"కాఫీ."

"డబ్బా మూత చప్పుడు విని చెప్పావు. ఇది?"

"ఉల్లిపాయ."

"కళ్ళు మండితే చెప్పావు. ఇది?"

అతను పీల్చాడు. మళ్ళీ పీల్చాడు. "ఇంకా ఏమీ పెట్టలేదుగా?"

ఆమె గుడ్డ విప్పింది. చేతిలో మాడిన గిన్నె ఉంది.

అతను చెప్పులు వేసుకుని మెట్లు దిగిపోయాడు. వీధి చివరిదాకా నడిచాడు. లాండ్రీ, బేకరీ, టైర్ల షాపు, పూల కొట్టు. ఇదివరకు కళ్ళు మూసుకుని కూడా ఏ గుమ్మం ముందున్నాడో చెప్పగలిగేవాడు. ఇప్పుడు అన్నీ గాజు తలుపు అవతల ఉన్నట్టున్నాయి. బేకరీ ముందు ఆగి గట్టిగా ఊపిరి పీల్చాడు. లోపలున్నావిడ ఏం కావాలన్నట్టు తల ఎగరేసింది. సిగ్గుపడి వెనక్కి తిరిగాడు.

ఇంటికొచ్చేసరికి చెల్లెలు గిన్నె తోమేసింది. నీళ్ళు మరిగించి, వాటి మీద వేరే గిన్నె పెట్టి, అందులో చాక్లెట్ ముక్కలు తుంచి వేస్తోంది.

"ఎప్పటి నుంచి?" అంది తల తిప్పకుండా.

"జ్వరం వచ్చినప్పటి నుంచి."

"నాకు చెప్పడానికేం?"

"చెబితే నిజమైపోతుందనిపించింది. హోటల్లో తెలిస్తే ఏమవుతుందో నీకు తెలుసా? చెవుడొచ్చినవాడి చేత వీణ వాయించుకుంటారా ఎవరైనా?"

"సరేలే. ఒక్క గ్లాసే ఇచ్చి ఎలా ఉందంటే ఎవరైనా బాగుందనే అంటారు. నా దగ్గరికొచ్చేవాళ్ళూ అంతే. రెండద్దాలు మార్చి మార్చి వేసి ఇదా అదా అంటేనే నిజం చెప్తారు. రెండు కలుపు, కొంచెం కొంచెం."

అప్పుడు పని మొదలైంది. అతను చిన్న గ్లాసులు రెండు పెట్టేవాడు, ఆమె ఒక్కో గుక్క తాగి తేల్చేది. మొదట్లో మాటలు దొరక్క తడుముకుంది. తర్వాత గాడిన పడింది.

"ఇందులో నోట్లో ఉన్నంతసేపూ చాక్లెట్టే. మింగాక కాఫీ ఎటో పారిపోయింది."

కాఫీ పెంచాడు.

"ఇది దగ్గుమందు."

వోడ్కా తగ్గించాడు. సాసులో చిటికెడు ఉప్పు వేశాడు. ఆమె రెండు గ్లాసులూ మార్చి మార్చి తాగి, ఎడమచేతి గ్లాసు పైకెత్తింది. "ఇది. ముందు చాక్లెట్ వచ్చి కూర్చుంది, తర్వాత కాఫీ తలుపు కొట్టింది. మధ్యలో క్రీము ఇద్దర్నీ పరిచయం చేసింది." అప్పటికి ఆమె చెంపలు ఎర్రబడ్డాయి. అతనికి చాలా రోజుల తర్వాత నవ్వొచ్చింది.

వెళ్ళేముందు కోటు వేసుకుంటూ అంది, "మీ మేనేజరుకు ముక్కుసూటిగా చెప్పెయ్."

"చెప్తాలే."

"చెప్తాలే అన్నావంటే చెప్పవు."

సోమవారం సాయంత్రం ఖాళీ బార్‌లో మేనేజరు, వంటగది పెద్ద చెఫ్ ఎదురుగా కూర్చున్నారు. మేనేజరు తక్కువ మాట్లాడే ఆవిడ. అతను కలిపి ఇచ్చాడు. ఆమె తాగి, గ్లాసు కింద పెట్టి, మళ్ళీ అందుకుంది.

"చివర్లో పొగలాంటిది ఏదో వస్తోంది. కావాలనే పెట్టారా?"

పొగ సంగతి చెల్లెలు చెప్పలేదు. ఇంట్లో కాఫీ వేరు, హోటల్ కాఫీ వేరు. హోటల్‌ది గింజలు బాగా మాడ్చి వేయించే రకం. ఆ ముక్క తట్టనే లేదు. కావాలనే అంటే సరిపోతుంది. నోటిదాకా వచ్చింది కూడా.

"నాకు తెలీదు, మేడమ్" అన్నాడు. "నాకు వాసన తెలీదు. జ్వరం తర్వాత పోయింది. ఇది మా చెల్లి ముక్కుతో చేసింది."

చెఫ్ కుర్చీలో కదిలాడు. మేనేజరు గ్లాసు పక్కకు నెట్టింది.

"ఇన్ని రోజులు క్రీము, పాలు ఎవరు చూస్తున్నారు?"

"నేనే."

"విరిగిపోయిన క్రీము వేసి ఉంటే?"

అతను క్రీము జగ్గు వంక చూశాడు. ఉద్యోగం పోతుందేమోనని బెంగపడ్డాడు కానీ, ఎవరికైనా కడుపు చెడుతుందేమోనన్న ఆలోచన ఇన్నాళ్ళలో ఒక్కసారీ రాలేదు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

ఉద్యోగం పోలేదు. కొత్తవాళ్ళకు పని నేర్పే బాధ్యత మాత్రం పోయింది. అది అతని దగ్గరే పని నేర్చుకున్న అమ్మాయికి ఇచ్చారు. రోజూ బార్ తెరిచే ముందు క్రీము, పళ్ళరసాలు ఆమె వాసన చూసి సరేనన్నాకే అతను చెయ్యి పెట్టాలి. కాక్‌టెయిల్‌ను మెనూలో పెట్టారు. పొగ బాగుంది, ఉంచుదామన్నాడు చెఫ్. మొదటి వారం ఆ అమ్మాయి ఎదుట నిలబడాలంటే అతనికి ముళ్ళ మీద ఉన్నట్టుండేది. ఆ అమ్మాయీ అంతే ఇబ్బంది పడేది. సీసా మూత తీసి, వాసన చూసి, అతని ముఖం చూడకుండా "సరే, సార్" అనేది. తర్వాత తర్వాత అతనే సీసాలు వరసగా పెట్టి పిలవడం మొదలుపెట్టాడు.

ఒకరోజు మధ్యాహ్నం నిమ్మకాయ తొక్కలు తీస్తుంటే ముక్కుకు ఏదో తగిలింది. కత్తి ఆపి చుట్టూ చూశాడు. ఎక్కడైనా గుడ్డ కాలుతోందా? లేదు. తొక్కను ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. దాన్నుంచే. చెల్లెలికి ఫోను చేశాడు.

"ఆగు, కుర్చీలో మనిషున్నాడు" అంది. నిమిషం తర్వాత, "ఇప్పుడు చెప్పు."

"నిమ్మకాయ గుడ్డ కాలిన కంపు కొడుతోంది."

"అంటే, వాసన తెలుస్తోందా! మరి, అది మంచిదేనా?"

"ఏమో. తల తిరిగేంత కంపు."

"డాక్టర్ని అడుగు."

"అడుగుతాను" అని, ఫోను చెవికి ఆనించుకునే ఇంకో నిమ్మకాయ కోశాడు.