ఆడవాళ్ల వైపు ఫేను

"నీ రిఫండు పడిందే," అన్నాడు ప్రేమ్ కుమార్ ఫోనులోంచి తలెత్తకుండా.

శారోన్ కొబ్బరి కోరుతోంది. పక్కన చాప మీద పడుకున్న రెండేళ్ల జెస్సీకి ఊపిరి తీసినప్పుడల్లా పిల్లికూతలు. ఆ కూత ఆగితే ఒక భయం, ఆగకపోతే ఒక భయం శారోన్‌కి.

కువైట్‌లో ఇళ్లపని చేస్తున్న తల్లి కృపావతి, కూతురి పేరున బ్యాంకులో డిపాజిట్టు వేసింది. దాని వడ్డీలో కోసుకున్న పన్నే ఇప్పుడు వెనక్కి వచ్చింది. పేరు శారోన్‌దే గాని, ఆ డబ్బుతో ఏం చెయ్యాలో అత్తగారు ముందే అనేసుకుంది. పోయిన మావయ్యగారు శామ్యూల్ మాస్టారి పేరు రాయించి చర్చిలో ఆడవాళ్ల వైపు ఫేను పెట్టించాలి. పాస్టరుగారికి చెప్పేసింది, వీధివీధంతా చెప్పేసింది. మిగిలింది ప్రేమ్ కుమార్ బండి టైర్లకి.

"పాపకి ఆవిరిమందు పట్టే మిషను కొందామండీ. డాక్టరుగారు రెండుసార్లు చెప్పేరు," అంది శారోన్.

"ఇంటరు మానేసినా డాక్టరు చదువు మాత్రం బాగా వచ్చిందమ్మా మా ఆవిడకి," అని నవ్వేడతను.

"మరుగునీళ్ల ఆవిరి పట్టవే. మేం పెంచలేదా పిల్లల్ని," అంది అత్తగారు. "కువైట్లో బాత్రూములు కడిగి పంపిన డబ్బు, దేవుడి మందిరంలో పడితేనన్నా శుద్ధవుద్ది."

"ఆయ్," అని తలూపింది శారోన్.

ఆ మాట నోట్లోంచి ఎలా వచ్చిందో ఆమెకే తెలీలేదు. పెళ్లయిన దగ్గర్నుంచీ అలాగే వస్తోంది. చదువు మానిపించినప్పుడూ అదే, వడ్డీ డబ్బు తీసి అతని చేతిలో పెట్టినప్పుడూ అదే. నిరుడు ప్రేమ్ కుమార్‌కి తన జీతం మీద రిఫండు వచ్చింది. దాంతో ఏం చేద్దామని ఇంట్లో ఎవరూ కూర్చుని మాట్లాడుకోలేదు. కొత్త ఫోను వచ్చింది, అంతే. అతని రిఫండు అతనిది, ఆమె రిఫండు ఇంటిది. అమ్మ వీడియోకాల్లో ఎప్పుడూ చేతులు కనపడనిచ్చేది కాదు. సబ్బునీళ్లకి ఒలిచిపోయిన ఆ వేళ్లని శారోన్ ఒక్కసారే చూసింది. కోరిన కొబ్బరి గిన్నెలోకి తీస్తుంటే అవే గుర్తొచ్చేయి.

"సంతకం నీదే కావాలి గదా. నువ్వే వెళ్లి డబ్బు తీసి, ఫేను కొని, పేరు రాయించి చర్చికి పంపించెయ్," అన్నాడు ప్రేమ్ కుమార్. అతనికి సెలవు దొరకదు మరి.

శారోన్ జెస్సీని చంకనేసుకుని ముమ్మిడివరం ఆటో ఎక్కింది. బ్యాంకులో డబ్బు తీసుకుంది. ఖాతాకున్న ఫోను నంబరు భర్తది తీయించి తనది పెట్టించింది. మందుల షాపులో మిషను కొంది. ఆ తర్వాతే ఫేను. బోర్డులు రాసే గంగబాబు కుంచె పట్టుకుని "ఏ పేరమ్మా?" అన్నాడు. చెప్పింది. "అక్షరాలు పెద్దవిగా రాయండి, కింద కూర్చున్నవాళ్లకి కనపడాలి," అంది. రంగు ఆరగానే ఫేనుని అక్కణ్నుంచే తిన్నగా చర్చికి పంపించేసింది.

ఆదివారం అత్తగారు పట్టుచీర కట్టుకుని, ఇద్దరు ఆడపడుచుల్ని వెంటబెట్టుకుని, సరిగ్గా కొత్త ఫేను కింద కూర్చుంది. అందరికీ చూపించడానికి తలెత్తింది. మూడు రెక్కల మీదా ఎర్రగా ఒకటే రాత: కృపావతి, కువైట్.

వెనక ఎవరో ఆ పేరు పైకే చదివేరు. ఇంకెవరో "శారోన్ వాళ్లమ్మ గదా" అన్నారు. మగవాళ్ల వైపు ప్రేమ్ కుమార్ తల దించేసుకున్నాడు. అత్తగారి మెడ మీంచి చెమట ధారకట్టింది.

"ముందా ఫేను వెయ్యవే," అంది పళ్ల మధ్యనుంచి.

స్విచ్చి శారోన్ పక్కనే ఉంది. జెస్సీ ఆమె భుజం మీద నిద్రపోతోంది, పిల్లికూతలు లేకుండా.

"తిరిగితే పేరు కనపడదు గదండీ అత్తయ్యగారూ," అంది మెల్లగా. "అందరూ చదివేక వేద్దాం."